కుక్క చాక్లెట్ తింటే తెల్లారేదాకా ఆగొద్దు

ప్రశ్న: మాది విజయనగరం. మా ఇంట్లో నాలుగేళ్ల పొమేరియన్ ఉంది. పేరు బుజ్జి, బరువు 5 కిలోలు. మొన్న తొలేళ్ల నాడు, అంటే పైడితల్లమ్మ సిరిమాను పండగకు ముందు రోజు, చుట్టాలు తెచ్చిన 100 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో సగం తినేసింది. సాయంత్రం ఏడు అయ్యుంటుంది. మా అత్తయ్య ఉప్పునీళ్లు పట్టిస్తే కొంచెం కక్కింది. తర్వాత తోక ఊపుకుంటూ తిరిగింది కదా అని ఊరుకున్నాం. అర్ధరాత్రి నుంచి ఒకటే రొప్పు. ఒకచోట నిలబడలేదు. నీళ్లు తాగడం, ఎక్కడపడితే అక్కడ ఉచ్చ పోయడం. తెల్లవారుజామున కాళ్లు వణికాయి. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్తే రెండు రోజులు సెలైన్లు పెట్టి బతికించారు. ఇంతకుముందు పిల్లలు చాక్లెట్ ముక్కలు పెట్టినా దానికి ఏమీ కాలేదు. ఈసారి ఎందుకిలా అయింది? మళ్లీ జరిగితే ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: అమ్మా, బుజ్జి కోలుకున్నందుకు చాలా సంతోషం. మీ ప్రశ్నలో ‘తోక ఊపుకుంటూ తిరిగింది కదా అని ఊరుకున్నాం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. చాక్లెట్ తిన్న కుక్కల్ని ఆలస్యంగా తెచ్చినవాళ్లు దాదాపు అందరూ నాతో చెప్పే మాట ఇదే. తప్పు మీది అనను. ఈ విషం తీరే అంత. తిన్న గంటా రెండు గంటలూ కుక్క మామూలుగా ఆడుకుంటుంది. తర్వాత వాంతి, దాహం, కుదురు లేకపోవడం మొదలవుతాయి. అసలు తీవ్రత కనిపించేది సాధారణంగా 6 నుంచి 12 గంటల మధ్య. ఏడింటికి తిన్న బుజ్జి అర్ధరాత్రికి రొప్పడం, తెల్లవారుజామున వణకడం సరిగ్గా ఆ లెక్కలోనే జరిగాయి. కడుపులో ఉన్నదాన్ని బయటికి తీయడానికి మంచి సమయం, మీరు ‘బాగానే ఉంది’ అనుకున్న ఆ మొదటి రెండు గంటలే.

చక్కెర వల్ల ఇలా అయిందని చాలామంది అనుకుంటారు. తీపి తింటే కుక్కకు పురుగులు పడతాయనీ బొచ్చు ఊడిపోతుందనీ మన వైపు ఎంతో కాలంగా అంటుంటారు. ఇక్కడ విషం తీపిలో లేదు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల మధ్య పండించే కోకో ఉంది చూశారా, ఆ గింజలో ఉంది. దాని పేరు థియోబ్రోమిన్. తోడుగా కొంచెం కెఫీన్ కూడా ఉంటుంది. మన ఒంట్లో ఇది త్వరగా విరిగి బయటికి పోతుంది. కుక్క ఒంట్లో మాత్రం సగం తగ్గడానికే దాదాపు 17 గంటలు పడుతుంది. అంతసేపూ గుండెనూ నరాలనూ పరుగు పెట్టిస్తూనే ఉంటుంది. బుజ్జికి రెండు రోజులు సెలైన్లు పెట్టింది అందుకే.

ఇక ‘ఇంతకుముందు ఏమీ కాలేదే’ అన్న సందేహం. ఇది లెక్క వేస్తే గానీ తేలదు. కుక్క బరువు కిలోకు 20 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ చేరితే వాంతులు, విరేచనాలు రావచ్చు. 40 నుంచి 50 దగ్గర గుండె లయ తప్పుతుంది. 60 దాటితే ఫిట్స్ భయం. పిల్లలు పెట్టింది మిల్క్ చాక్లెట్ అయ్యుంటుంది. అందులో గ్రాముకు ఉండేది దాదాపు 2 మిల్లీగ్రాములే. 10 గ్రాముల ముక్క తిన్నా 5 కిలోల బుజ్జికి కిలోకు 4 మిల్లీగ్రాములే పడింది, అందుకే గండం గడిచింది. డార్క్ చాక్లెట్‌లో గ్రాముకు 5 మిల్లీగ్రాములు, అట్ట మీద 70 శాతం అని ఉంటే ఇంకా ఎక్కువ. బుజ్జి తిన్న 50 గ్రాముల్లో తక్కువలో తక్కువ 250 మిల్లీగ్రాములు. అంటే కిలోకు 50. సరిగ్గా గుండె దగ్గరికి వచ్చి ఆగింది. అదే ముక్క 30 కిలోల లాబ్రడార్ తింటే కిలోకు 8 మాత్రమే, బహుశా ఏమీ అయ్యేది కాదు. కేకుల్లో వాడే కోకో పొడి అన్నిటికన్నా ప్రమాదం. 10 గ్రాముల పొడి నాకినా బుజ్జి తిన్న ఆ సగం చాక్లెట్‌తో సమానం. తెల్ల చాక్లెట్‌లో ఈ విషం లేనట్టే, కానీ కొవ్వు బాగా ఉంటుంది. నాటు కుక్కకు ఏం తిన్నా అరుగుతుందని కొందరు ధైర్యం చెబుతారు, నమ్మకండి. దాని ఒంట్లోనూ ఈ విషం ఇలాగే పని చేస్తుంది.

అత్తయ్యగారిని ఎవరూ ఏమీ అనకండి. ఆవిడ బుజ్జి మీద ప్రేమతోనే ఉప్పునీళ్లు పట్టారు. కానీ ఇంకెప్పుడూ అలా చేయవద్దని నెమ్మదిగా చెప్పండి. చిన్న కుక్కకు ఆ ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి, మెదడు దెబ్బతిని ఫిట్స్ వస్తాయి. చాక్లెట్‌కు తోడు ఇంకో విషం పెట్టినట్టవుతుంది. బలవంతంగా నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వచ్చిన కుక్కల్ని నేను చూశాను. పాలు పోసినా, కొబ్బరినూనె తాగించినా విషం విరగదు, నూనెతో కడుపులో కొవ్వు ఇంకా పెరుగుతుంది. ఫోన్‌లో చూసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించేవాళ్లూ ఉన్నారు. షాపులో ఇచ్చే సీసా ఘాటు ఎంతో చూసుకోకుండా పోస్తే కడుపు లోపల పుండ్లు పడతాయి. డాక్టర్ చెప్పకుండా అది ముట్టుకోవద్దు.

మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే, ముందు మిగిలిన ముక్కలు దానికి అందకుండా తీసేయండి. చిరిగిన కాగితం, అట్టపెట్టె పారేయకండి. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పండి: కుక్క బరువెంత, ఏ చాక్లెట్ ఎంత పోయింది, ఎన్నింటికి. ఎంత తిందో తెలియకపోతే పెట్టెలో ఉన్నదంతా తిందనే చెప్పండి. ఆ మూడూ తెలిస్తే రావాలో, ఇంట్లో కనిపెట్టుకుని ఉంటే చాలో ఫోన్‌లోనే చెప్పగలం.

ఇంకొకటి, నిజం దాచకండి. ఒకాయన తన లాబ్రడార్‌ను రాత్రి పదింటికి తెచ్చారు. ఒళ్లంతా వణుకు. ఏం తిందని ఎన్నిసార్లు అడిగినా ‘మామూలు అన్నమేనండీ’ అన్నారు. పిచ్చి కుక్క కరిచిందా, ఎలుకల మందు తిందా అని నేను వెతుక్కుంటుంటే, పక్కనే నిలబడ్డ పిల్లవాడు ఏడుస్తూ చెప్పాడు, కేక్ చేయడానికి తెచ్చిన కోకో పొడి డబ్బా తనే మూత తీసి పెట్టాడని. ఆ నాన్నకు పిల్లవాణ్ని కాపాడుకోవాలన్న ఆరాటం. మాకు ముప్పావు గంట పోయింది. ఆ కుక్క బతికింది, కానీ ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు ఎవరిదని మేం అడగం.

ఆస్పత్రిలో చేసేది ఇదీ. తిన్నది ఇంకా కడుపులో ఉందనుకుంటే ఇంజెక్షన్‌తో కక్కిస్తాం. చాక్లెట్ కరిగి ముద్ద కడుతుంది కాబట్టి కొన్ని గంటలు దాటినా ఒక్కోసారి ఫలితం ఉంటుంది. తర్వాత బొగ్గు పొడి మందు పడుతుంది, అదీ ఒకసారి కాదు. థియోబ్రోమిన్ కాలేయం నుంచి పేగుల్లోకి వచ్చి మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది. దీనికి నేరుగా విరుగుడు మందు లేదు. గుండె దడ తగ్గడానికి, వణుకు ఆగడానికి మందులిచ్చి, సెలైన్‌తో ఒంట్లోంచి పోయేదాకా కాపాడడమే వైద్యం. మూత్రాశయంలో నిలిచిన మూత్రం నుంచి కూడా ఆ విషం మళ్లీ ఒంట్లోకి ఎక్కుతుంది. అందుకే ఇంటికి పంపాక కూడా రెండు మూడు గంటలకోసారి బయట తిప్పమంటాం.

ఇంట్లో కనిపెట్టుకుని ఉండమన్నా రాత్రి దాని పక్కన ఒకరు మేల్కొని ఉండాలి. ఎడమ ముందు కాలి మోచేయి వెనక చెయ్యి పెడితే గుండె తగులుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. పడుకుని ఉన్న చిన్న కుక్కకు 160 దాటినా, పెద్దదానికి 120 దాటినా, ఒళ్లు కాలుతున్నా, కండరాలు అదురుతున్నా ఇక ఆలోచించకుండా బయల్దేరండి.

చక్కెర లేదని రాసిన చాక్లెట్లు, చూయింగ్ గమ్‌లు ఇంకా ప్రమాదం. వాటిలో చక్కెరకు బదులు వేసే జైలిటాల్ ఉంటే అరగంటలో కుక్క రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం దెబ్బతినొచ్చు. పండగ పెట్టెల్లో ఎండుద్రాక్ష కలిసిన చాక్లెట్లు వస్తాయి. అవి కుక్క మూత్రపిండాలకు హాని చేస్తాయి.

తొలేళ్ల రాత్రి మన ఊళ్లో బండి కదలదు, తెలిసిన డాక్టరూ దొరక్కపోవచ్చు. రేపు దీపావళికీ చాక్లెట్ పెట్టెలు ఇంటికొస్తాయి. రాత్రిపూట ఫోన్ ఎత్తే పశువైద్యుడు ఎవరో ఇప్పుడే అడిగి, నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టుకోండి. పగలైతే గరివిడి పశువైద్య కళాశాలకు ముందు ఫోన్ చేసి వెళ్లవచ్చు. పిల్లలకు కుక్కతో పంచుకోవాలని ఉంటుంది, అది మంచి బుద్ధే. చాక్లెట్‌కు బదులు క్యారెట్ ముక్కో, గింజలు తీసిన యాపిల్ ముక్కో వాళ్ల చేతికివ్వండి.

బుజ్జికి ఇంకో వారం నెయ్యి, వేపుళ్లు, మాంసం కొవ్వు పెట్టకండి. కొవ్వు వల్ల క్లోమం వాచే ప్రమాదం కొన్ని రోజులు ఉంటుంది. మెత్తగా ఉడికిన అన్నంలో తోలు తీసి ఉడికించిన కోడిమాంసం కొంచెం కొంచెంగా పెట్టండి. మళ్లీ వాంతులు మొదలైనా, పొట్ట ముట్టుకోనివ్వకుండా వెన్ను వంచుకుని కూర్చున్నా అదే రోజు చూపించండి.