స్వల్ప కోవిడ్ తర్వాత యాంటీబాడీలు తగ్గితే రక్షణ పోయినట్టేనా? – సమాధానం

స్వల్ప కోవిడ్ తగ్గాక చేయించుకున్న యాంటీబాడీ పరీక్షలో, మొదటి నెల రిపోర్టుతో పోలిస్తే ఐదో నెలలో అంకె సగానికి పడిపోయిందని, రక్షణ పోయిందా అని మీరు అడిగారు. అలా తగ్గడం చాలావరకు సహజమే. ఇన్ఫెక్షన్ వేళ హడావిడిగా పుట్టిన ప్లాస్మా కణాల్లో (యాంటీబాడీలను తయారు చేసేవి ఇవే) ఎక్కువ భాగం త్వరగా చనిపోతాయి. వాటితోపాటే అంకె దిగుతుంది.

1. ముందు రెండు రిపోర్టుల్లోని పరీక్ష పేరు, యూనిట్లు పక్కపక్కన పెట్టి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. ఒకటి స్పైక్ (వైరస్ పైనుండే ముల్లులాంటి ప్రోటీన్) యాంటీబాడీలను, మరొకటి న్యూక్లియోక్యాప్సిడ్ (వైరస్ లోపలి ప్రోటీన్) యాంటీబాడీలను కొలిచి ఉంటే ఆ రెండు అంకెలను పోల్చకూడదు. కిట్ మారినా అంతే. మధ్యలో కోవిషీల్డ్ టీకా వేయించుకుని ఉంటే స్పైక్ అంకె మాత్రమే పెరుగుతుంది.

2. పరీక్ష ఒకటే అయినా కంగారు పడకండి. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 77 మందిని, ఎక్కువగా స్వల్ప లక్షణాలున్నవారినే, గమనించి 2021లో ఫలితాలు ప్రచురించారు. తొలి 4 నెలల్లో వేగంగా తగ్గిన యాంటీబాడీలు ఆపై నెమ్మదించి, 11 నెలలకూ కనిపించాయి. పరీక్షించిన ఎముక మజ్జ నమూనాల్లో చాలావాటిలో దీర్ఘకాలం బతికే ప్లాస్మా కణాలు దొరికాయి.

3. జ్ఞాపక బి కణాలు, అంటే వైరస్‌ను గుర్తుపెట్టుకునే రోగనిరోధక కణాలు, మీరు చేయించుకున్న పరీక్షకు అందవు. వైరస్ మళ్లీ సోకితే కొత్త యాంటీబాడీలను త్వరగా తయారు చేసేది అవే.

వైరస్ మారి పుట్టే కొత్త వేరియంట్లు పాత యాంటీబాడీలను కొంత తప్పించుకుంటాయి. కాబట్టి అంకె ఎంత ఉన్నా, టీకా విషయం డాక్టరును అడిగే నిర్ణయించుకోండి.