ముందు చెవి, తర్వాత పలక

చి.ల.సౌ. అమ్మడికి పర్లాకిమిడి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

బుజ్జిగాడికి ఇంగ్లీషు రైమ్స్ నోటికి రావడం లేదని ఫోన్‌లో ఒకటే టెన్షన్ పడ్డావు. వాడికి నిండా ఐదేళ్లు. బట్టీ సంగతి వదిలెయ్. పెరట్లో పిల్లి కనబడితే ‘క్యాట్’ అని ఊరుకో. మొదటి చప్పుడు మార్చి ఇంకోటి చెప్పమను. బ్యాట్, హ్యాట్, మ్యాట్ వస్తాయి. ‘జ్యాట్’ అన్నాడనుకో, అలాంటి మాట లేదని కోప్పడకు. “జ్యాట్ అంటే ఏంట్రా?” అని అడుగు, ఏదో కథ అల్లుతాడు. తోక కలిసిందా లేదా అన్నదే మనకు కావాలి.

తోక అని ఎందుకన్నానంటే, మన పద్యంలో ప్రాస పాదంలో రెండో అక్షరం దగ్గర పడుతుంది, ఇంగ్లీషు రైమ్ మాట చివర పడుతుంది. ఆ చివరకే మనం ఒక ‘ఉ’ తగిలిస్తాం: బస్సు, పెన్ను, హ్యాటు. మామూలు మాటల్లో ఫర్వాలేదు గానీ ఆటలో మాత్రం టక్కున ఆపు. ‘పెన్’, ‘ప్యాన్’ వెంట వెంటనే అనిపించు. నోరు ఎంతెంత తెరుచుకుంటోందో అద్దంలో చూసుకుంటే వాడికే నవ్వొస్తుంది.

మీ గుణుపురం వీధిలో ఒడియా పిల్లలు వ్యాన్‌ని ‘భ్యాన్’ అంటే బుజ్జిగాడు వాళ్లని వెక్కిరించకుండా చూడు. వాళ్ల ఇంట్లో ఓటు కూడా ‘భోట్’. మనం మాత్రం ‘జూ’ సరిగ్గా అంటున్నామా ఏమిటి! వాళ్లనీ ఆటలోకి పిలు.

స్పెల్లింగ్‌కి తొందరపడకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను బోర్డు మీద బి-యు-టి ‘బట్’ అని రాసి, కింద పి-యు-టి ‘పుట్’ అని రాశాను. “పట్ కదా మాస్టారూ?” అని ఒక కుర్రాడు లేచాడు. గదమాయించి కూర్చోబెట్టాను. వాడి చెవి బాగానే ఉంది, నా పాఠమే తలకిందులు. బ్లూ, షూ, టూ చూడు, కాగితం మీద ఒకదానికొకటి పొంతన లేదు, చెవికి మాత్రం అక్కచెల్లెళ్లు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాషను మనుషుల నోట విని నేర్చుకున్నారు. మన ఊరి మాస్టర్నై ఉండీ నాకది ఆలస్యంగా తట్టింది.

రోజుకి పది నిమిషాలు చాలు, వాడు విసుక్కునేలోపే ఆపెయ్. దసరాకి వచ్చినప్పుడు జ్యాట్ కథ ముందు నాకే చెప్పాలని వాడితో అను.

పెదనాన్న