ఆ మార్కులు మీ బాబు గుణానికి కాదమ్మా

ప్రశ్న: మా బాబు బీటెక్ ఫైనలియర్. క్యాంపస్ సెలక్షన్లో కోడింగ్ బాగానే చేశాడు, ‘సిచువేషనల్ జడ్జిమెంట్’ దగ్గరే పోయిందంటున్నాడు. ఇంట్లోనూ మాట తక్కువే. నయీంనగర్‌లో దీనికి కోచింగ్ ఉందట, చేర్పించాలా? ఇంట్లో మాక్ టెస్టులు రాయిస్తూ నేనే పక్కన కూర్చుని జవాబులు చెబుతున్నా, అది చాలా?
– ఒక తల్లి, హసన్‌పర్తి

జవాబు: అమ్మా, అడిగింది కోచింగ్ గురించే అయినా, మీ దిగులు ‘మావాడిలోనే ఏదో లోపముందా’ అని. లేదు. ఆ సెక్షన్, అంటే ఆఫీసులో ఎదురయ్యే ఒక సందర్భం ఇచ్చి ఏం చేయాలో ఎంచుకోమనేది, మాటకారితనాన్ని కొలవదు. మీ బాబు టిక్కులు, ఆ ఉద్యోగం తెలిసిన అనుభవజ్ఞుల టిక్కులతో ఎంతవరకు కలిశాయో చూస్తుంది, అంతే.

ఒక ప్రశ్న చూడండి. 5 గంటలకు క్లయింటుకు రిపోర్టు పోవాలి. 4:30కు తోటివాడి లెక్కలో తప్పు కనిపించింది, టీమ్ లీడర్ ఫోన్ ఎత్తట్లేదు. అలాగే పంపేయాలా, తోటివాడితో కలిసి సరిచేసి లీడర్‌కు మెసేజ్ పెట్టాలా, ఎవరికీ చెప్పకుండా మార్చేయాలా, లీడర్ దొరికేదాకా ఆగాలా? మేలైనదొకటి, అధ్వానమైనదొకటి గుర్తించాలి. సాధారణంగా కీతో, అంటే అనుభవజ్ఞులు ఖరారు చేసిన జవాబులతో, కలిసిన ప్రతిదానికీ +1, తలకిందులైతే −1, మధ్యవి పెడితే 0. అంటే ప్రశ్నకు −2 నుంచి +2 దాకా. పిల్లలు మేలైనదాని మీదే బుర్రంతా పెట్టి, రెండోది ఏదో ఒకటి కొట్టేస్తారు. దానికీ అంతే మార్కు!

ఇంకో రకంలో ప్రతి ఆప్షన్‌కూ 1 నుంచి 5 రేటింగ్ ఇవ్వాలి. నిపుణుల సగటు 3.8 అయితే, 4 పెట్టినవాడు 0.2 దూరంలో, 5 పెట్టినవాడు 1.2 దూరంలో ఉంటాడు. దూరం పెరిగేకొద్దీ మార్కు తగ్గుతుంది. ‘1, 5 ముట్టుకోకు, మధ్యలో పెట్టు’ అనే కోచింగ్ చిట్కా పుట్టింది ఇక్కడే. కొన్నిచోట్ల పారుతుంది కూడా. కానీ పేపర్ తయారుచేసేవాళ్లకూ అది తెలుసు. ప్రతి అభ్యర్థి రేటింగులనూ అతని సొంత సగటు, వ్యాప్తి (అంకెలు ఎంత ఎడంగా ఉన్నాయన్నది) ప్రకారం సర్ది లెక్కిస్తే ఆ ఎత్తు చిత్తే. పైగా కీ అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఒకచోట లీడర్ కోసం ఆగడమే నయమనొచ్చు. ఫీజు కట్టి ఎవరి కీ నేర్చుకుంటాడు? నాకైతే ఆ కోర్సుల మీద నమ్మకం లేదు.

2007లో మెక్‌డానియల్ అనే పరిశోధకుడి బృందం చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, ఈ మార్కులకూ ఉద్యోగంలో పనితీరుకూ సహసంబంధం 0.26 దగ్గర తేలింది (సంబంధమే లేకపోతే 0, పూర్తిగా కలిసి నడిస్తే 1). వేలమందిని వడగట్టడానికి పనికొస్తుంది గానీ, ఒక్క పిల్లాడి జాతకం రాయడానికి చాలదు.

ఇక పక్కన కూర్చుని జవాబులు చెప్పడం ఏమిటమ్మా? పరీక్ష మీకా, అతనికా? ‘గొడవెందుకు, ఊరుకో’ అనే ఇంటి జవాబుకు ఆఫీసు కీలో మార్కులు రావడం కష్టం. ముందు మీరు లేవండి. రోజూ నాలుగు ప్రశ్నలు తనే రాసి, అధ్వానమన్నది ఎందుకు అధ్వానమో ఒక్క వాక్యం రాసుకోమనండి. ‘ఏం చేస్తారు’ అన్నారా, ‘ఏం చేయాలి’ అన్నారా అన్నది ముందే చదవమనండి. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే సీనియర్ ఎవరైనా ఉంటే, ఆదివారం ఆ కాగితాలు చూపించమనండి.