ఊబకాయం మనిషి సొంత సమస్య కదా, దేశానికి దానివల్ల ఖర్చేంటి?

ఎవరి ఒళ్ళు వాళ్ళిష్టం, మధ్యలో దేశానికేం పోయింది అని అడిగారు. నేను బెంగళూరులో ఒక ఐటీ కంపెనీ హెచ్‌ఆర్‌లో మెడికల్ ఇన్సూరెన్స్ పని చూస్తా, మా దగ్గర మన తెలుగోళ్ళు చాలామందే, సో నాకు కనబడేది చెప్తా.

వరల్డ్ ఒబేసిటీ ఫెడరేషన్ అంచనాలో 2019లో అధిక బరువు వల్ల ఇండియాకి పడిన భారం జీడీపీలో దాదాపు 1 శాతం. హాస్పిటల్ బిల్లులే కాదండీ, పనికి రాలేని రోజులు, వయసు మీరకుండానే పోయినవాళ్ళ సంపాదన కూడా అందులో కలిపారు.

ఇదంతా క్లెయిమ్ ఫైల్లో కనబడదు, అదే అసలు తిరకాసు. మా నెల్లూరు కొలీగ్ ఒకాయనకి నలభై కూడా లేవు, షుగరు, బీపీ, ఫ్యాటీ లివరు, పైగా నిద్రలో ఊపిరి ఆగిపోతోందని రాత్రిళ్ళు మిషన్ పెట్టుకుని పడుకోమన్నారు. అడ్మిట్ అయితేనే పాలసీ డబ్బులిస్తది కాబట్టి మందులు, టెస్టులు, ఆ మిషనూ అన్నీ జీతంలోంచే, చెకప్ ఉన్న రోజు వాళ్ళావిడ కూడా లీవు పెట్టాలి. బరువు తగ్గే ఆపరేషన్ కవర్ అవుద్దా అని అడిగాడు. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 40 దాటాలి, లేదా 35 దాటి గుండెజబ్బో కంట్రోల్ కాని షుగరో అలాంటి పెద్ద జబ్బేదో ఉండాలని రూలు, ఈయనది 33. ఇంకాస్త లావెక్కి రావయ్యా అన్నట్టే కదా, ఆ మెయిల్ నేనే పంపాల్సొచ్చింది! దేశం మొత్తమ్మీద చూసినా 2021-22లో వైద్యం ఖర్చులో 39 శాతం జనం జేబుల్లోంచే పోయింది.

ఇది సిటీ జబ్బు, ఊళ్ళో మనోళ్ళు గట్టోళ్ళు అనుకోకండి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రా ఆడవాళ్ళలో 36 శాతం మంది అధిక బరువే, కర్ణాటకలో 30. మనవాళ్ళకి కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే వస్తది, అందుకే మగాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడాళ్ళకి 80 దాటితే జాగ్రత్త అంటారు డాక్టర్లు.

జంక్‌ఫుడ్ మీద టాక్స్ వేస్తే అయిపోద్ది అంటారు కొందరు. కేరళ 2016లో బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం వేసింది, జీఎస్టీ వచ్చాక అదీ పోయింది. ఉన్నా మా మారతహళ్ళి ఆంధ్రా మెస్సులో అన్‌లిమిటెడ్ అన్నానికి అది తగలదుగా. షుగర్ టెస్టులు, డైటీషియన్ ఫీజు పాలసీలో పెట్టండి అని మావాళ్ళకి రాశా, ముందు ప్రీమియం ఎంత పెరుగుద్దో కనుక్కోమన్నారు.