ఇండియా వెళ్ళొచ్చిన వారాలకు ఈడీడీ డబ్బు వెనక్కి అడిగితే

సన్నీవేల్ నుంచి ఒక పాఠకుడు రాశారు. గ్రీన్‌కార్డు ఉంది. జనవరిలో లేఆఫ్ అయ్యారు, కాలిఫోర్నియా నిరుద్యోగ భృతికి (దాన్ని ఇచ్చే రాష్ట్ర శాఖే ఈడీడీ) దరఖాస్తు చేశారు, గరిష్ఠ మొత్తం వారానికి 450 డాలర్లు మంజూరైంది. మార్చిలో తెనాలిలో వాళ్ళమ్మగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఈయన మార్చి రెండో ఆదివారం బయలుదేరి, ఏప్రిల్ మొదటి శనివారం సాయంత్రం తిరిగి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగారు. అక్కడున్నన్నాళ్ళూ రెండు వారాలకోసారి ఆన్‌లైన్‌లో సర్టిఫై చేస్తూనే (ఆ వారాల భృతి కోసం ఈడీడీ ప్రశ్నలకు జవాబులిస్తూనే) ఉన్నారు. తర్వాత ఈడీడీ ప్రశ్నలు పంపితే "సుమారు ఐదు వారాలు ఇండియాలో ఉన్నాను" అని జవాబిచ్చారు. ఇప్పుడు నోటీసు వచ్చింది: అయిదు వారాల భృతి 2,250 డాలర్లు, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 30 శాతం జరిమానా 675, మొత్తం 2,925. "ఒక ఫ్రెండ్ కట్టేసి చేతులు దులుపుకోమంటున్నాడు, ఇంకొకడు మాఫీకి పెట్టమంటున్నాడు. నా ఖాతాలో పడింది 2,025 మాత్రమే. పైగా వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అన్నది ఆయన ఉత్తరం సారాంశం.

ముందు మీ అమ్మగారు కోలుకుంటున్నారని ఆశిస్తాను. ఇక విషయానికి వస్తే, మీ ఫ్రెండ్స్ ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. నోటీసు పైన ఉన్న మెయిలింగ్ తేదీ చూడండి. అది మీ చేతికి అందిన తేదీ కాదు, వాళ్ళు పోస్టు చేసిన తేదీ. అక్కణ్ణుంచి 30 రోజుల్లో అప్పీల్ వేయాలి. మీరు చెప్పిన దాన్ని బట్టి అప్పుడే 12 రోజులు గడిచాయి. గడువు దాటినా సరైన కారణం చూపిస్తే వినొచ్చు గానీ, అప్పుడు ఆలస్యం గురించే సగం వాదన అయిపోతుంది. (డల్లాస్, హ్యూస్టన్ వాళ్ళు ఇది చదువుతుంటే: టెక్సాస్‌లో మీకున్నది 14 రోజులే. రాష్ట్ర భృతి బాకీకి అక్కడ మాఫీ అన్నదే లేదు.)

మీ ఉత్తరంలో డబ్బు గురించి పది లైన్లు ఉన్నాయి, "తప్పుడు సమాచారం" అన్న ముద్ర గురించి ఒక్క లైనే ఉంది. నాకు మాత్రం ఆ ముద్రే అసలు సమస్యలా కనిపిస్తోంది. ఆ ముద్ర ఉన్నంతవరకు మాఫీ అడిగే దారి ఉండదు. దాని వల్లే 30 శాతం జరిమానా పడింది. మళ్ళీ భృతి అవసరమైతే 23 వారాల దాకా చెల్లించకుండా ఆపే అధికారం కూడా వాళ్ళకుంటుంది. ఇప్పుడు మీరు చేస్తున్న కాంట్రాక్టు పని డిసెంబర్‌తో అయిపోతుందన్నారు. ఉదాహరణకు ఎనిమిది వారాలు ఆపితే 3,600 డాలర్లు, అంటే ఈ నోటీసు మొత్తం కన్నా ఎక్కువ. భయపడి 2,925 కట్టేసి గడువు దాటనిస్తే బాకీ తీరుతుంది, ముద్ర మాత్రం అలాగే ఉండిపోతుంది.

అలాగని అప్పీల్‌లో మొత్తం కొట్టేస్తారని చెప్పను. ప్రతి సర్టిఫికేషన్‌లో రెండో ప్రశ్న గుర్తుంది కదా: అనారోగ్యం కాకుండా, ఆ వారం ప్రతి పనిదినమూ ఫుల్‌టైం పనికి ఒప్పుకోలేకపోవడానికి వేరే కారణం ఏమైనా ఉందా? మీరు "లేదు" అని నొక్కారు. తెనాలిలో ఉన్న మనిషి సోమవారం పొద్దున సన్నీవేల్‌లో పనికి వెళ్ళలేడు. కాబట్టి మీరు నిజంగా అక్కడున్న నాలుగు వారాల (అయిదు ఎందుకు కాదో కింద చెప్తాను) 1,800 తిరిగి కట్టాల్సే వస్తుందనుకోండి. కానీ జవాబు తప్పు కావడం వేరు, తెలిసి అబద్ధం చెప్పడం వేరు. జరిమానా వేయాలంటే కావాలని చేశారని తేలాలి. మీరు రాత్రి పదిన్నరకు, అంటే ఇక్కడి పొద్దున పదింటికి, అమ్మ మంచం పక్కనుంచే మూడు వీడియో ఇంటర్వ్యూలు ఇచ్చానని రాశారు. పిలిస్తే వారంలో వచ్చేస్తాను కదా, పనికి సిద్ధంగా ఉన్నట్టే అనుకున్నానన్నారు. నిజంగా అలా అనుకునే నొక్కి ఉంటే అదే మీ వాదన. ఆ ఇంటర్వ్యూ మెయిల్స్, వాటి మీది సమయాలతో సహా ప్రింట్ తీయండి. పైగా వాళ్ళు అడగ్గానే ఇండియాలో ఉన్నానని మీరే ఒప్పుకున్నారు, దాచలేదు. అదీ మీకు అనుకూలమే.

అయితే "సుమారు ఐదు వారాలు" అన్న మాట మాత్రం మీకు ఎదురుతిరిగింది. మనవాళ్ళం ఇంట్లో మాట్లాడినట్టే ఫారాల్లోనూ మాట్లాడతాం, "ఓ వారం అటూ ఇటూ" అంటాం. భృతికి వారమంటే ఆదివారం నుంచి శనివారం దాకా. మీరు వెళ్ళింది ఆదివారం, దిగింది శనివారం, అంటే సరిగ్గా నాలుగు వారాలు. ఆ ఉజ్జాయింపు మాట ఖరీదు 450, దాని మీద జరిమానా 135. రెండు బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టు మీది హైదరాబాద్ ముద్రలు, అమ్మగారి డిశ్చార్జ్ సమ్మరీ జత చేయండి. అయిదో వారం పోయి, జరిమానా కూడా ఎత్తేస్తే 2,925 కాస్తా 1,800 అవుతుంది.

మామూలుగా రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి మీరు అర్హులు కారని చెప్పే నిర్ణయం, రెండోది ఎంత కట్టాలో చెప్పే నోటీసు. చాలామంది డబ్బు అంకె ఉన్నదాని మీదే అప్పీల్ వేస్తారు. రెండిటి తేదీలూ రాసి, రెండిటి మీదా అప్పీల్ చేస్తున్నానని స్పష్టంగా చెప్పండి. డీఈ 1000ఎం అనే ఫారం ఉంది. కారణం రెండు మూడు వాక్యాలు చాలు, కథంతా అక్కర్లేదు. ఫీజు లేదు. పోస్టులో పంపితే పంపినట్టు రసీదు దాచుకోండి.

విచారణ చేసేది ఈడీడీ వాళ్ళు కాదు, అప్పీల్స్ బోర్డు తరఫు న్యాయాధికారి. ఎక్కువగా ఫోన్‌లోనే జరుగుతుంది, ప్రమాణం చేయించి మాట్లాడిస్తారు. మీ ఫైల్ ముందే అడిగి చూసుకోవచ్చు, తప్పకుండా చూడండి, మీరిచ్చిన జవాబులు అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంటాయి. ఇంగ్లిష్‌లో తడబడతానని భయం ఉంటే తెలుగు దుబాసీని అడగండి, ఖర్చు వాళ్ళదే. "ఆ ప్రశ్న చదివినప్పుడు మీకేం అర్థమైంది?" అని న్యాయాధికారి కచ్చితంగా అడుగుతారు. దానికి నిజమైన జవాబు ఒకటే సిద్ధం చేసుకోండి. అక్కడా ఓడితే మరో 30 రోజుల్లో బోర్డుకే అప్పీల్ చేసుకోవచ్చు.

మాఫీ మీద ఆశ పెట్టుకోవద్దు. మీ తప్పు లేకుండా అదనంగా డబ్బు పడి, దాన్ని వెనక్కి వసూలు చేస్తే ఇల్లు గడవని పరిస్థితి ఉన్నవాళ్ళ కోసం ఉన్నది అది. గత ఆరు నెలల కుటుంబ ఆదాయం సగటు చూస్తారు. మీ శ్రీమతి జీతం నెలకు 9,500 అన్నారు, ఇప్పుడు మీ కాంట్రాక్టు కూడా ఉంది. ఆ ఫారం నింపడానికి పెట్టే సాయంత్రం అప్పీల్ మీద పెట్టండి.

ఖాతాలో 2,025 పడితే 2,250 ఎలా అడుగుతారన్నారు. మీరు 10 శాతం ఫెడరల్ పన్ను పట్టుకోమని టిక్ పెట్టి ఉంటారు. వారానికి 45 చొప్పున అయిదు వారాలకు 225 మీ పేరు మీద ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి చేరింది. ఈడీడీ పూర్తి మొత్తమే అడుగుతుంది. ఆ 225 ఎక్కడికీ పోలేదు, రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో జమ అవుతుంది.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది, మీ పన్ను లెక్కలు చూసే సీపీఏకీ చెప్పండి. భృతి మీద కాలిఫోర్నియా పన్ను లేదు గానీ ఫెడరల్ పన్ను ఉంది. డబ్బు తీసుకున్న ఏడాదే తిరిగి కట్టేస్తే ఆ మొత్తాన్ని ఆదాయంలోంచి తీసేసి చూపించొచ్చు. ఏడాదిలో ఎంత భృతి ఇచ్చారో ఈడీడీ చూపించే 1099-జీ ఫారంలో పూర్తి అంకె వచ్చినా ఫరవాలేదు, రిటర్న్‌తో జతచేసే షెడ్యూల్ 1 లో నికర మొత్తం వేసి, పక్కన ఎంత తిరిగి కట్టారో రాస్తారు. అదే జనవరిలో కట్టారనుకోండి, 3,000 డాలర్ల లోపు బాకీకి ఏ తగ్గింపూ రాదు. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే 1,800 మీద 396 డాలర్లు ఊరికే పోయినట్టు. అందుకని అప్పీల్ గడువులోపల వేసేయండి. విచారణ నవంబర్ చివరికి కూడా జరగకపోతే, మీరెలాగూ కాదనలేని ఆ 1,800 డిసెంబర్ 31 లోపు కట్టేయండి. మిగతాదాని మీద పోరాటం అలా సాగనివ్వండి. దీనికోసం 401కే (రిటైర్మెంట్ పొదుపు) జోలికి వెళ్ళకండి. చేతిలో లేకపోతే వాయిదాల ఒప్పందం అడగండి, ఇస్తారు. అసలు పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం టాక్స్ రిఫండ్ పట్టుకుంటారు, కోర్టుకెళ్ళి జీతంలోంచీ వసూలు చేయగలరు.

సిటిజన్‌షిప్ సంగతి నా పరిధి కాదు, ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట కూర్చోండి. నిరుద్యోగ భృతి తీసుకోవడం దానంతటది తప్పేమీ కాదు, కాలిఫోర్నియాలో అది మీ యజమాని కట్టిన పన్నుతో నడిచే బీమా. కానీ సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం ఎన్-400 లో ప్రభుత్వాధికారులకు తప్పుడు సమాచారం ఇచ్చారా అన్న ప్రశ్న ఉంటుంది. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ గదిలో మీ చేతిలో ఈ నోటీసు ఒక్కటే ఉండటం కన్నా, కావాలని చేయలేదని చెప్పే న్యాయాధికారి తీర్పు ఉండటం చాలా నయం. 2,925 కట్టేయమన్న మీ ఫ్రెండ్‌కి ఈ ముక్క కూడా చెప్పండి.

చివర్లో, ఆ నాలుగు వారాలు నిజం చెప్పి ఉంటే 1,800 నష్టపోయేవాణ్ణి కదా అన్నారు. పోయేవి కావు. 450 చొప్పున 26 వారాలకు 11,700 మీ క్లెయిమ్‌లో ఉన్న మొత్తం. రెండో ప్రశ్నకు "ఉంది" అని నొక్కి ఉంటే ఆ వారాలకు ఏమీ పడేది కాదు, అంతే. ఆ డబ్బు క్లెయిమ్‌లోనే మిగిలి ఉండేది, ఏడాది గడువు లోపల పనిలేని మరో నాలుగు వారాలకు వాడుకునేవారు. డిసెంబర్‌లో మళ్ళీ క్లెయిమ్ తెరిచే పనిపడి, సంక్రాంతికి తెనాలి వెళ్ళాల్సి వస్తే ఆ ప్రశ్న దగ్గర "ఉంది" అనే నొక్కండి.