పోలీసు లెక్కల్లో నేరాలు పెరిగితే పోలీసులు విఫలమైనట్టేనా?

వెంటనే అలా తీర్మానించకూడదు. పోలీసు రికార్డులు చెప్పేది నమోదైన నేరాల సంఖ్య. జరిగినవన్నీ అందులో ఉండవు. గృహహింస, లైంగిక దాడి బాధితుల్లో చాలామంది స్టేషన్ గడపే తొక్కరు. వారికి ధైర్యం వచ్చి ఫిర్యాదు చేయడం మొదలుపెడితే అంకె పెరుగుతుంది. నా దృష్టిలో అది మంచి పెరుగుదల. దాన్ని వైఫల్యంగా చూపి అధికారులను నిలదీస్తే, కేసు రాయకుండా పంపించేసే అలవాటు బలపడుతుంది. నిర్వచనం మారినా లెక్క మారుతుంది: స్వీడన్ 2005లో అత్యాచార నిర్వచనాన్ని విస్తరించాక నమోదైన కేసులు పెరిగాయి.

అందుకే అమెరికా 1973 నుంచి ప్రజలనే నేరుగా అడిగే బాధితుల సర్వే నడుపుతోంది. పోలీసులకు చెప్పని నేరాలు కూడా అందులో బయటపడతాయి. హత్యలకు మాత్రం పోలీసు రికార్డులే మేలు. అవి లెక్కలోకి రాకుండా పోవడం అరుదు, పైగా హతుడిని సర్వేలో ప్రశ్నించడం కుదరదు.

ఇక పోలీసుల ప్రభావం. 1972-73లో అమెరికాలోని కాన్సస్ సిటీలో 15 బీట్ల (పోలీసు గస్తీ ప్రాంతాల) మీద ఒక ప్రయోగం చేశారు. కొన్నిచోట్ల గస్తీ కార్లను రెండు మూడు రెట్లు పెంచారు. కొన్నిచోట్ల ఎవరైనా పిలిస్తే తప్ప వెళ్లలేదు, మిగతా బీట్లలో మామూలు గస్తీనే ఉంచారు. నేరాల్లోనూ ప్రజల భయంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు! అలాగని పోలీసులు అనవసరమని కాదు. ఊరంతా తిరగడం కంటే, నేరాలు పదేపదే జరిగే కొద్దిపాటి వీధుల మీద దృష్టి పెడితే అక్కడ నేరాలు తగ్గుతాయని తర్వాతి పరిశోధనలు చూపాయి.