ఒక క్లిప్, వంద కాపీలు

ప్రశ్న: ఎఫ్‌ఎల్ స్టూడియో (కంప్యూటర్‌లో పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్)లో బతుకమ్మ పాట చేస్తున్న. ఒక డప్పు ముక్కనే పాట పొడుగూతా కాపీ చేసి పెట్టిన. రెండో చరణంలో ఒక్కచోట రివర్స్ కొడితే అన్ని చోట్లా తిరగబడ్డది. ఎందుకట్లయితది?
– ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: ప్లేలిస్టులో, అంటే పాటను పరిచే తెరమీద, ముక్కలు ఎన్ని కనిపించినా వాటి వెనుక ఉన్న చానెల్ (అసలు ధ్వని, దాని సెట్టింగులు ఉండే చోటు) ఒక్కటే. కంట్రోల్-బి కొట్టినా, షిఫ్ట్ పట్టుకుని లాగినా కొత్త ధ్వనేమీ పుట్టదు. ‘ఇక్కడ కూడా అదే వాయించు’ అన్న గుర్తు పడుతుందంతే. రివర్స్, పిచ్ (శ్రుతి), స్ట్రెచ్ (సాగదీత) చానెల్ సెట్టింగుల్లో ఉంటాయి కాబట్టి ఒకచోట ముడితే అన్ని చోట్లా మారతాయి. ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్నది మాత్రం కాపీకి కాపీకి వేరు. కత్తిరించినంతసేపూ మీకు తేడా తెలియనిది అందుకే.

ఆ ఒక్క క్లిప్ ఎడమ పైమూలన ఉన్న చిన్న బొమ్మ నొక్కి, మెనూలో ‘మేక్ యునీక్’ ఎంచుకోండి. దానికి వేరే చానెల్ వస్తుంది. అయితే మీ డప్పు ముక్క పెద్ద రికార్డింగులోంచి కోసినదైతే ఇంకో చిక్కు ఉంది. రివర్స్ మొత్తం ఫైలును తిప్పుతుంది గనుక, కనిపించే ముక్కలో మీకు కావలసిన దెబ్బ బదులు మరోటి వస్తుంది. అప్పుడు ‘మేక్ యునీక్ యాజ్ శాంపిల్’ వాడాలి. అది ఆ ముక్కను మాత్రమే కొత్త ఫైలుగా రాస్తుంది. రివర్స్ ఆ తర్వాత పెట్టండి. పేరు, రంగు వెంటనే మార్చుకోండి, లేకపోతే వారం తర్వాత ఏది ఏదో మీకే తెలియదు.

రీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడ పిచ్, రివర్స్ ఏ ఐటెమ్‌వి (ముక్కవి) ఆ ఐటెమ్‌కే. కానీ బయటి ఎడిటర్‌లో అసలు ఫైలునే తెరిచి మార్చితే కాపీలన్నీ మారతాయి. మెనూలో ‘ఓపెన్ ఐటెమ్ కాపీస్’ అన్నదే ఎంచుకోండి.

ప్రశ్న: కోరస్‌కు ఇద్దరే దొరికిండ్రు. వాళ్ల ట్రాకును నాలుగు చేసిన. పదిమంది పాడినట్టు రాలేదు, చెవులు పగిలినట్టు వచ్చింది.
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ఒకే తరంగం మీద అదే తరంగం పడితే పెరిగేది గట్టిదనమే. రెండైతే 6 డెసిబెల్స్, నాలుగైతే 12. గొంతులేమీ పెరగవు. ఒకదాన్ని 15 మిల్లీసెకన్లు జరిపి కుడి ఎడమలకు పంచితే హెడ్‌ఫోన్లలో వెడల్పుగా వినిపిస్తుంది. కానీ పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు కుడి ఎడమలను కలిపి ఒకటే చేసి మైకులో పెడితే? సుమారు ప్రతి 67 హెర్ట్జ్‌కు ఒకచోట ధ్వని చచ్చిపోయి, డబ్బాలోంచి పాడినట్టుంటుంది.

పల్లవి ఐదారుసార్లు వస్తుంది కదా, దాన్ని వాడుకోండి. మెట్రోనోమ్‌కు పాడించి ఉంటే, మూడోసారి పాడిన పల్లవిని తెచ్చి మొదటిదాని కింద పెట్టండి, మొదటిదాన్ని మూడోదాని కిందికి పంపండి. పాడిన ప్రతిసారీ గొంతు కాస్త వేరుగా పడుతుంది, మనకు కావలసింది ఆ తేడాయే. ముక్కను సరిగ్గా బార్ల లెక్కన జరపాలి. నాలుగు బీట్ల బారుకు 240ని బీపీఎంతో (నిమిషానికి పడే బీట్ల సంఖ్యతో) భాగిస్తే సెకన్లు వస్తాయి: 120 దగ్గర 2, 100 దగ్గర 2.4. కోత ఊపిరికి ముందు పెట్టి 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ (ధ్వనిని మెల్లగా పెంచడం, తగ్గించడం) ఇవ్వండి, ‘టిక్’ శబ్దం పోతుంది. ‘ఉయ్యాలో’ చివరి ‘లో’ అందరిదీ ఒకేచోట ఆగకపోతే, కింది ట్రాకులది ముందే ఫేడ్ చేయండి.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో ప్రాజెక్ట్ ఫైలు తీస్కపోతే కరీంనగర్ స్టూడియోలో సగం క్లిప్పులు తెరుచుకోలేదు.
– ఒక పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: ప్రాజెక్ట్ ఫైలులో ఉండేది క్లిప్పుల చిరునామాలే. ఎఫ్‌ఎల్‌లో ఎక్స్‌పోర్ట్ కింద ‘జిప్డ్ లూప్ ప్యాకేజ్’, ఏబుల్టన్ లైవ్‌లో ‘కలెక్ట్ ఆల్ అండ్ సేవ్’ చేసి పట్టుకెళ్లండి. రీపర్‌లో ‘సేవ్ యాజ్’ చేసేటప్పుడు మీడియాను ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి కాపీ చేయమనే గడికి టిక్ పెట్టండి.

ప్రశ్న: పాత క్యాసెట్‌లోని ఒగ్గు డోలు నాలుగు సెకన్లే వాడుకుంట. కాపీరైట్ వస్తదా?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: వస్తుంది. వరుస తాతలనాటిదైనా ఆ రికార్డింగుకు హక్కుదారు వేరే ఉంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. ఇన్ని సెకన్ల దాకా ఉచితం అన్న నియమం చట్టంలో లేదు. డోలు కళాకారుడికి డబ్బిచ్చి, మీ పాట బీపీఎంలో ఒకే వరుసను నాలుగుసార్లు వాయించమనండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్‌లో పట్టుకుని, వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం తీసుకోండి.